కొత్తగూడ దగ్గర రాళ్ళకుప్పలు

నా భార్య పోయిన రెండో నెలలో అటక మీది పుస్తకాలు సర్దుతుంటే, ఉద్యోగం నాటి సర్వే పుస్తకం ఒకటి బయటపడింది. గోల్కొండ నుంచి పడమటికి పోయే పాత బండ్లబాట మీద కొత్త రోడ్డుకు కొలతలు తీసినప్పటిది. కొత్తగూడ పేజీలో నా చేతిరాత: 'ఎడమపక్క రాళ్ళకుప్పలు. తొలగించవచ్చు.' ఆ రోజు ఎండగా ఉందని జీపు దిగలేదు. ఎవరినీ అడగలేదు. పాత బాటల పక్కన మనుషుల్ని పూడ్చేవారని తర్వాత ఎన్నో పుస్తకాల్లో చదివాను. ఈ వాక్యం మాత్రం ఎప్పుడూ గుర్తు రాలేదు. పుస్తకం సంచిలో పెట్టుకుని బయలుదేరాను.

తెలంగాణ బంద్ ముగిసిన మర్నాడు. ఏడున్నరకు మెహిదీపట్నంలో బస్సు ఎక్కాను. కిటికీలకు ఇనుప జాలీ బిగించారు. గచ్చిబౌలి దాకా నిలబడే ప్రయాణం. పక్కనున్నాయన ఏ ఊరని అడిగితే, ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే అన్నాను.

"నేనడిగింది ఊరు సార్, ఏండ్లు కాదు," అని నవ్వాడు. గుంటూరని చెప్పలేకపోయాను.

ఎనిమిదిన్నరకు కొత్తగూడలో దిగి, దీక్షా శిబిరం పక్కన బండి మీద ఇడ్లీ తిన్నాను. పాత బాట పక్కన రాళ్ళకుప్పల సంగతి ఎవరికి తెలుసని బండాయనను అడిగితే, శిబిరంలో కూర్చున్న ఎల్లవ్వను చూపించాడు. డెబ్బై దాటిన మనిషి. ఆ కుప్పలుండే చోటు చూపించమనగానే లేచి నడిచింది. బాటలో బండిచక్రాలు దిగబడిన చోటల్లా రాయి చెక్కి పరవడం తమవాళ్ళ పనట. నేను 'అండి' రాకుండా ఆచితూచి మాట్లాడుతుంటే కనిపెట్టింది.

"అండీ అను సారూ, ఏం గాదు. గిట్ల బిగబడితే నోరు నొస్తది."

ఆఫీసు బస్సులు ఆగే చోట నిలబడి, కాలితో నేల చూపించింది.

"మా అమ్మ గీడనే. మేం బొంద మీద చెక్కిన రాయి పెట్టం. బతికినన్ని పొద్దులు చెక్కుడే గద. సచ్చినంకనన్న చెక్కని రాయి ఉండాలె."

యంత్రాలు వచ్చిన రోజు వాళ్ళంతా అడ్డం పడ్డారట. కాగితంలో రాళ్ళకుప్పలనే ఉందని అధికారులు చూపించారట.

"ఎవడో జీపుల వచ్చి రాసుకపోయిండు. కిందికి దిగనే లేడు."

పుస్తకం తీశాను. "దిగనిది నేనేనండీ."

ఆమె నా ముఖం చూడలేదు. పుస్తకాన్నే చూసింది. చదవడం రాదు. తర్వాత అడిగింది: "ఎన్ని ఉండెనని రాసినవ్? ఏది యాడుండెనో గీసినవా? మా అమ్మది చింతచెట్టు దిక్కు రెండోది."

లెక్క లేదు. గీత లేదు. చింతచెట్టు మాత్రం ఉంది. కొట్టేసే ముందు ప్రతి చెట్టుకూ చుట్టుకొలత రాయాలని మాకు నిబంధన. ఆ అంకె చదివి వినిపించాను.

"చెట్టునైతే కొలిచినవ్," అంది.

ఆ కాగితం ఇమ్మంటే చింపి ఇచ్చాను. మడిచి కొంగున ముడివేసుకుని, శిబిరం వైపు వెళ్ళిపోయింది.

పదకొండుంబావుకు తిరుగు బస్సు. ఈసారి కిటికీ పక్కన సీటు దొరికింది. ఆ బాట చూడాలని ఎవరైనా వెళితే, అక్కడ కనిపించేది బస్సుల కోసం నిలబడ్డ ఉద్యోగులు, వాళ్ళ కాళ్ళ కింద తారు. అయినా దిగి, ఎవరినైనా అడగండి. బస్సు ఆ చోటు దాటడానికి నిమిషం కూడా పట్టలేదు. నేను మళ్ళీ కూర్చునే దాటాను.