పది మబ్బు, యాభై మబ్బు

మబ్బులత్త కుడిచేతి బొటనవేలు ఏడాది పొడవునా గులాబి రంగులోనే ఉంటుంది. సబ్బుతో రుద్దినా, నిమ్మచెక్కతో తోమినా వదలదు. పాతికేళ్లుగా పీచుమిఠాయికి రంగు కలుపుతున్న వేలు మరి. పీచుమిఠాయి అని పూర్తిగా అనడానికి ఓపిక లేక బడిపిల్లలు దాన్ని మబ్బు అన్నారు. దాంతో అమ్మే మనిషి మబ్బులత్త అయిపోయింది. ఇప్పుడు ఆమె అసలు పేరేమిటని అడిగితే కట్టుకున్నాయన కూడా కాసేపు తల గోక్కుని చెప్పాలి.

ఆయన మోటార్లకి తీగ చుట్టే పని చేస్తాడు. పెళ్లయిన కొత్తలో పాత కుట్టుమిషను తొక్కుడుబల్లకి రేకు పళ్లెం బిగించి, మధ్యలో చిల్లుల గిన్నె పెట్టి ఈ మిషను తయారుచేశాడు. పదేళ్లు కాలితో తొక్కి తొక్కి ఆమె మోకాళ్లు అరిగాక, ఎవరో వదిలేసిన మిక్సీ మోటారు తెచ్చి తగిలించాడు. చెంచాడు పంచదార వేస్తే చాలు, పిల్లవాడి తలకాయంత మబ్బు లేస్తుంది. పుల్ల తిప్పడంలోనే ఉంది విద్యంతా. మిగతాది గాలి.

"గాలి అమ్ముకుని బతికేస్తోంది ఇది" అని తోడికోడలు వేళాకోళం చేసేది.

"నువ్వు మాత్రం గింజని ఉబ్బించి అమ్మడం లేదూ?" అని ఈవిడ తిరగవేసేది.

తోడికోడలిది పాప్‌కార్న్ వ్యాపారం, బస్టాండులో. ఇద్దరివీ ఒకే ఇంట్లో రెండు వాటాలు. నడుమ ఒక గోడ, గోడలో ఒక కిటికీ, పెరట్లో ఒకే కుళాయి. మధ్యాహ్నం వంటలయ్యాక ఇద్దరూ మెట్ల మీద చేరతారు. పెద్దావిడ మొక్కజొన్న గింజల్లో రాళ్లు ఏరుతుంది. చిన్నావిడ, అంటే మబ్బులత్త, పాప్‌కార్న్ పొట్లాలకి ఎర్రచారల కాగితం కత్తిరించి ఇస్తుంది. కత్తెర ఎప్పుడూ కొంచెం వంకరపోతుంది. పెద్దావిడ ఎప్పుడూ సణుగుతుంది. అలా ఇరవై ఏళ్లు గడిచాయి.

మబ్బులత్త స్థానం బడి గేటు పక్కన. ఒక మబ్బు పది. ఏడాదికొకసారి, ఎండలు ముదరకముందు, పెద్ద మైదానంలో పన్నెండు రోజులు ఎగ్జిబిషన్ పెడతారు. అప్పుడు మిషనూ, తోడికోడలి మూకుడూ అక్కడికి వెళ్తాయి. అక్కడ మబ్బు యాభై.

ఈ సంవత్సరం ఎగ్జిబిషన్ ఇంకా మూడు వారాలుందనగా, బ్యానర్లు కడుతున్న రోజుల్లో, పెద్ద టీచరమ్మ ఆమెని గదిలోకి పిలిపించారు. పిల్లలు కూర్చునే పొట్టి బల్ల చూపించి కూర్చోమన్నారు. మబ్బులత్త మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి.

"ఒకటి అడుగుతాను, దాటెయ్యకుండా చెప్పు. గేటు దగ్గర పదికిస్తావు. అక్కడ అదే మిషను, అదే పంచదార, అదే నువ్వు. యాభై. ఎందుకు?"

"అక్కడ అందరూ అంతేనండి."

"అందరి సంగతీ నేనడగలేదు."

"ఖర్చులు ఎక్కువండి టీచరమ్మా."

"ఆ ఎక్కువ ఎవరికిస్తున్నావు?"

మబ్బులత్త వేళ్లు మడిచి లెక్కపెట్టబోయి, మొదటి వేలి దగ్గరే ఆగింది. దాచాలని కాదు, ఆ లెక్క ఆమె ఎప్పుడూ వేసుకోలేదు.

"నిరుడు ఒకాయన ముగ్గురు పిల్లలకి నూట యాభై పోసి, తెల్లారి నా దగ్గరికొచ్చాడు" అన్నారు టీచరమ్మ. "ఏడాదంతా పదికిచ్చి అలవాటు చేసి, అక్కడ పీక మీద కూర్చునే మనిషిని గేటు దగ్గర ఎందుకు ఉంచారన్నాడు. ఆయన వెనకాల ఇంకో నలుగురొచ్చారు. నేనేం చెప్పను? ఎగ్జిబిషన్ మొదలయ్యేలోగా ఆ నలభై ఎక్కడికి పోతోందో తెలుసుకొచ్చి చెప్పు. చెప్పలేకపోతే వేరే గేటు చూసుకో తల్లీ."

ఎగ్జిబిషన్ పన్నెండు రోజుల ముచ్చట. గేటు ఏడాదంతా పెట్టే తిండి. మబ్బులత్త ఇంటికి నడుస్తూ భయపడాలనుకుంది కానీ, భయం కంటే ముందు ఇంకోటి పట్టుకుంది ఆమెని. వీధిలో ఎవరింటికైనా కొత్త సామాను దిగితే అట్టపెట్టె మీద ఏం రాసుందో కూడబలుక్కుని చదివితేగానీ కదలని మనిషి, సొంత మబ్బు ఖరీదు ఎందుకు పెరిగిందో పాతికేళ్లలో ఒక్కసారీ ఎలా అడగలేదు? ఆ ప్రశ్న పంటి సందులో ఇరుక్కున్నట్టు ఇరుక్కుంది.

మొదట పంచదార కొట్టుకి వెళ్లింది.

"ఎగ్జిబిషన్ పంచదారకి వేరే రేటు పెడతానా అత్తా?" అన్నాడు కొట్టాయన. "బస్తా మీద నాకు మిగిలేది గోనెసంచే."

అదీ నిజమే. రంగు పొడిదీ, పుల్లలదీ అదే సంగతి. మర్నాడు మైదానానికి వెళ్లింది. జనరేటరాయన గుడ్డతో ఇంజను తుడుస్తున్నాడు.

"లైటుకి ఇంతని ఎగ్జిబిషన్ నడిపే కంట్రాక్టరు చెప్తాడు, నేను వసూలు చేసిస్తాను. డీజిల్ పోను నాకు మిగిలేది ఇదిగో" అని రెండు అరచేతుల మసీ చూపించాడు. "లైటు సంగతి అలా ఉంచు. నీ బరువంతా నేల అద్దెలో ఉంది. ఆ మూలకి నువ్వెంత కడుతున్నావో..." అని, వెంటనే నాలిక్కరుచుకుని చెవులు మూసుకున్నాడు. "చెప్పకు, చెప్పకు. నాకొద్దు."

ఆ చెవులు మూసుకోవడానికి కారణముంది. ఎగ్జిబిషన్లలో అమ్ముకునేవాళ్లకి ఒక పట్టింపు ఉంది. తాము నిలబడే నేలకి ఎంత కడుతున్నారో నోటితో అనకూడదు. అంటే ఆ ఏడు వాన పడుతుందనీ, మిషన్లు మొరాయిస్తాయనీ నమ్మకం. అత్తగారు ఇద్దరు కోడళ్లకీ వ్యాపారం నేర్పిన రోజునే ఇదీ నేర్పింది. అందుకే నేల బేరమంతా మూగబేరం. కావలసినవాళ్లు ఏదో కాగితమ్ముక్క మీద ఒక అంకె వేసి, కింద వేలిముద్ర నొక్కి కంట్రాక్టరుకి ఇస్తారు. ఎక్కువ వేసినవాళ్లది ఆ మూల. కంట్రాక్టరు ఎంతకని అడగడు, వీళ్లు ఎంతకని చెప్పరు. ఒకళ్ల అంకె ఒకళ్లకి తెలియదు.

జెయింట్ వీల్ పక్క మూల నాలుగేళ్లుగా మబ్బులత్తదే. చక్రం దిగినవాళ్లు కళ్లు తిరిగి అక్కడే కాసేపు ఆగుతారు, ఆగినవాళ్లు మబ్బు కొంటారు. ఏటా కంట్రాక్టరు పోటీ ఉందంటాడు, ఏటా ఆమె అంకె పెంచుతుంది. ఆ పోటీ పట్నం ఐస్‌క్రీము బండివాళ్లదై ఉంటుందని ఆమె ఊహ. ఈసారి అప్పటికే మూడు చీటీలిచ్చింది.

కంట్రాక్టరు రేకుల గదిలో ఉన్నాడు. ఆమెని చూడగానే ముఖం విప్పారింది.

"సమయానికొచ్చావు చెల్లెమ్మా. నీ మూలకి పోటీ మళ్లీ ఒక మెట్టెక్కింది. ఇంకో చీటీ రాసివ్వు."

"ఎవరండీ ఆ పోటీ?"

"పేర్లు చెప్పకూడదు కదా. అది మీవాళ్ల పద్ధతేగా."

"బుడగలాయన మూల నాలుగేళ్లనుంచీ అలాగే ఉందట. నా మూల మూడింతలైంది. అందులో లంకెబిందెలేమన్నా బయటపడ్డాయా?"

"నేనొక్కటి కూడా పెంచలేదు, ఒట్టు" అన్నాడు కంట్రాక్టరు, గుండెల మీద చెయ్యి వేసుకుని. "మీరు రాసిందే తీసుకున్నాను."

అప్పుడే జెయింట్ వీల్ ఇనుము మోసుకుని లారీ వచ్చింది. ఎక్కడ దింపాలో చెప్పడానికి ఆయన బయటికి వెళ్లాడు. గదిలో మబ్బులత్తా, బల్లా మిగిలారు. బల్ల మీద చీటీలు గుచ్చిన ఇనప ఊచలు వరసగా ఉన్నాయి, ఒక్కో మూలకి ఒక్కో ఊచ. చేతులు కట్టుకుని కూర్చోవాలనుకుంది. చేతులు ఒప్పుకోలేదు. దిమ్మ మీద జెయింట్ వీల్ బొమ్మ గీసిన ఊచని తన వైపుకి తిప్పుకుంది.

ఏడు చీటీలు. అడుగునుంచి పైకి చూసుకుంటూ వచ్చింది. తన మూడు చీటీలనీ గులాబి వేలిముద్ర పట్టిచ్చింది. వాటి నడుమ, వాటి కింద, వాటి పైన ఇంకో నాలుగు. ఒకటి వాళ్లది, ఒకటి నాది, ఒకటి వాళ్లది, ఒకటి నాది. అంకె ప్రతిసారీ కొంచెం కొంచెం ఎదుగుతోంది. వాళ్ల చీటీల మీద నూనె వేలిముద్ర. కాగితం తెల్లది కాదు, ఎర్రచారలది. అంచు వంకరగా ఉంది.

మబ్బులత్త ఆ వంకరని వేలితో తడిమి చూసింది. ఆ కత్తెర తనదే.

కంట్రాక్టరు తిరిగొచ్చి, "రాశావా?" అన్నాడు.

"కాగితం దొరకలేదండి. తెస్తాను" అంది.

ఇంటికొచ్చేసరికి పెద్దావిడ కుళాయి దగ్గర మూకుడు తోముతోంది.

"ఏమే, ముఖం అలా పెట్టావు? మోటారు కాలిందా?"

"అక్కా, నీకు జెయింట్ వీల్ మూల కావాలా?"

పీచు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. కుళాయి మాత్రం కారుతూనే ఉంది.

"ఎవడు కూశాడు?"

"నీ పొట్లం కాగితం. వంకరగా కత్తిరిస్తానని రోజూ తిడతావుగా, ఇవాళ ఆ వంకరే సాక్ష్యం చెప్పింది."

పెద్దావిడ మూకుడు బోర్లించి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నాలుగేళ్లనుంచీ మరుగుదొడ్ల పక్కనే వేయించానే గింజలు" అంది. "ముక్కు మూసుకుని పరిగెత్తేవాడు పాప్‌కార్న్ కొంటాడా? ఒక్క ఏడైనా ముందు వరసలో నిలబడదామనిపించింది. రేటు పెరిగితే నువ్వే విసుగొచ్చి వదిలేస్తావనుకున్నా. నువ్వు వదిలే రకమా, జలగవి."

"పోటీ నేనేనని నీకు తెలుసా?"

"ఏటా ఆ మూలలో నువ్వేగా కూర్చునేది. తెలియకేం."

"అయితే నన్నే అడగొచ్చుగా. ఇచ్చేదాన్ని."

"అడిగితే ఇస్తావని తెలుసు. అందుకే అడగలేదు. పైగా నేల మాట ఎత్తితే అత్తగారు పైనుంచి గరిటె విసరదూ?"

మబ్బులత్తకి కోపం రావలసిన చోట నవ్వొచ్చింది. "నీది కూడా పెరిగిందా?"

"పెరగదా మరి? వెనక వరస నేలకి నీ మూల రేటు చూసే ధర కడతాడు కంట్రాక్టరు. నువ్వు ఎక్కిన ప్రతి మెట్టూ నాకూ తగిలింది."

"నువ్వెక్కించినవే కదా అవి."

"నేనెక్కిస్తే నువ్వెక్కడం దేనికి?"

ఆ సాయంత్రం గోడకి అటొకరు ఇటొకరు వంట చేసుకుంటూ, కిటికీలోంచి ఇదే మాట తిప్పి తిప్పి అనుకున్నారు. మొగుళ్లిద్దరూ అన్నం ఎవరు పెడతారో తెలియక వీధి అరుగు మీద కూర్చున్నారు.

మర్నాడు మబ్బులత్త బడికి వెళ్లింది. పొట్టి బల్ల మీద కూర్చోలేదు.

"టీచరమ్మా, కనుక్కున్నాను. ఆ నలభైలో చాలా భాగం నేనే పెంచానండి. నేనూ, మా అక్కా." ఊచ సంగతీ, చీటీల సంగతీ అంతా చెప్పింది.

టీచరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మరి కంట్రాక్టరు?"

"మేమిద్దరం ఒకే కుళాయి నీళ్లు తాగుతామని ఆయనకి తెలుసండి. తెలిసీ కుర్చీలోంచి లేవకుండా కూర్చున్నాడు. అది ఆయన వంతు."

"కొన్నవాళ్లు?"

మబ్బులత్త నసిగింది. "వాళ్లు రేటు అడగరండి అక్కడ. పిల్లలు చెయ్యి లాగుతుంటారు, చుట్టూ జనం. ఎంతంటే అంత తీసిచ్చేస్తారు."

"నిరుడు నేనూ మా మనవరాలికి రెండు కొన్నాను" అన్నారు టీచరమ్మ నెమ్మదిగా. "అడగలేదు."

"నాకు గుర్తుందండి. మిగిలిన చిల్లర కూడా చూసుకోలేదు మీరు."

టీచరమ్మ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "సగం జవాబు వచ్చింది. మిగతా సగం ఎగ్జిబిషన్‌లో చూస్తాను. గేటు సంగతి ఆ తరువాత."

ఆ మధ్యాహ్నమే తోడికోడళ్లిద్దరూ రేకుల గదికి వెళ్లి ఒకే బెంచీ మీద కూర్చున్నారు. కంట్రాక్టరు ఒకర్ని చూశాడు, ఇంకొకర్ని చూశాడు, ఊచని చూశాడు. పాతికేళ్లలో మొట్టమొదటిసారి, "టీ చెప్పనా?" అన్నాడు.

"టీ తరువాత" అంది పెద్దావిడ. "జెయింట్ వీల్ మూల. నాలుగేళ్ల కిందటి రేటు." అని ఆ రేటెంతో అంకెతో సహా పైకి చెప్పేసింది. చెప్పి ఒకసారి ఆకాశం వైపు చూసింది.

ఎర్రచారల కాగితం బల్ల మీద పెట్టారు. కింద రెండు ముద్రలు, ఒకటి గులాబి, ఒకటి నూనె.

"ఇద్దరికీ ఒకే మూలా? ఇలాగైతే నేను బతికేదెలా చెల్లెమ్మా?"

"ఇంకో పోటీ ఉంటే పిలవండి" అంది మబ్బులత్త. "మేం కూర్చుంటాం."

ఆయన ఎవర్నీ పిలవలేదు. కొంచెం మూలిగి, కొంచెం పైకి లాగి, చివరికి పాత రేటుకి కాస్త ఎక్కువలో తేల్చాడు. టీ కూడా వచ్చింది, చల్లారి.

ఎగ్జిబిషన్ రెండో రోజు సాయంత్రం చినుకులు పడ్డాయి. తేమకి మబ్బులు పుల్లల మీద జావగారిపోయాయి. "చూశావా, నోరు జారినందుకు" అంది పెద్దావిడ, గొడుగు పాప్‌కార్న్ మీదకి లాక్కుంటూ. "నిరుడు నోరు మూసుకున్నా పడింది" అంది చిన్నావిడ, అదే గొడుగుని మిషను మీదకి లాక్కుంటూ.

చినుకులు ఆగాక టీచరమ్మ వచ్చారు, మనవరాలి చెయ్యి పట్టుకుని. మిషను ముందు నిలబడి, నలుగురికీ వినపడేలా అడిగారు.

"ఎంత?"

"పాతికండి."

"పది ఎందుకు కాదు?"

"నేల తగ్గిందండి. లైటుకి మాత్రం అంత ఎందుకో ఇంకా అంతు చిక్కలేదు. జనరేటరాయన్ని వదిలిపెట్టను."

టీచరమ్మ ఒక మబ్బు తీసుకుని మనవరాలికిచ్చారు. ఈసారి చిల్లర ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు.

"నువ్వు గేటుకి తిరిగొచ్చేసరికి ఒంటిపూట బడి మొదలవుతుంది. గంట పన్నెండున్నరకే కొడతారు. నాలుగింటికి వచ్చి ఖాళీ గేటు దగ్గర నిలబడేవు."

మబ్బులత్త పుల్ల మీద సగం చుట్టిన మబ్బుని అలాగే పట్టుకుని తలూపింది. పక్కన గింజలు టపటపా పేలుతున్నాయి. టీచరమ్మ వెనకాల నిలబడ్డ ఒకాయన ముందుకు వంగి, "అయితే ఆ పాప్‌కార్న్ ఎందుకమ్మా అంత?" అన్నాడు.