చెప్పుల కావలి

ముప్పై ఏళ్ల కిందట, ఆ వైపు కాలువ తవ్వుతున్న రోజుల్లో ఒకసారి సిరవారలో దేవదుర్గ బస్సెక్కాను. సగం సీట్లు ఖాళీ. అయినా ఒక మనిషి, నలభై ఐదేళ్లుంటాయేమో, భుజాన మూటతో నిలబడే ఉన్నాడు.

“కూసో అన్నా, మూట కింద పెట్టు,” అన్నాను.

“వద్దు సారూ. రాళ్ల మూట ఇది. మోయనీకే తెచ్చుకున్న,” అన్నాడు. “ఉగాదికి మా ఊరి మొగోళ్లంత కొండ మీదికి అడవిపందుల వేటకు పోతరు. చెప్పులు కిందనే ఇడిసి ఎక్కాలె. పోయినేడు నడుమల్నే నాకు దమ్ము ఆడలే. కిందికి తోలి, చెప్పులకు కావలి పెట్టిండ్రు. మాంసం పంచేటప్పుడు కుక్కలకేసినంక నాకేసిండ్రు.”

“ఈయేడు ఎక్కుతవా మరి?”

“దమ్ము పెరగాలని రెండు నెల్లాయె, మోయవట్టి,” అన్నాడు. ఎక్కుతానని మాత్రం అనలేదు.

తన ఊరు రాగానే దిగి, రోడ్డు పక్కన ఆ మూట మీదే కూలబడ్డాడు. బస్సు మలుపు తిరిగేదాకా చూశాను. లేవలేదు.

మొన్న కొండ మీది గుడికి వెళ్లాం. మా ఇంటివాళ్లు, ఎక్కగలవా అని నన్ను ఒక్కమాట అడగకుండానే, చెప్పులన్నీ నా ముందు విడిచి మెట్లెక్కారు. నేను వాటిని జతలు జతలుగా సర్దుకుంటూ కూర్చున్నాను.