తాడు పట్టిన సెంటర్ ఫార్వర్డ్

పోయిన ఆదివారం మా నెల్లూరి ఇంట్లో మనవడూ వాడి స్నేహితులూ టీవీ ముందు కూర్చుని ఒక ఆటగాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టారు. ఎక్కడో విదేశంలో ఫుట్‌బాల్ ఆట. ఆ ఆటగాణ్ణి ఈ ఏడే బోలెడు డబ్బు పోసి వేరే జట్టు నుంచి తెచ్చుకున్నారట. వచ్చిన దగ్గర్నుంచి ఒక్క గోలూ కొట్టలేదట. అతని కాలినుంచి బంతి పక్కకు పోయినప్పుడల్లా మావాడు దిండు ఎత్తి నేలకేసి కొడుతున్నాడు. ఆ దిండ్లకు ముందురోజే నేను గలీబులు మార్చాను. పెసలు ఏరుకుంటూ కాసేపు విని, ఉండబట్టలేక అడిగాను: "ఒరే, ఆ అబ్బాయికి పొద్దున పూట ఏం పని చెబుతారు?" అందరూ నవ్వారు. "పనేందవ్వా, బంతి తన్నేదే వాడి పని" అన్నాడు మావాడు. నేను పెసల చేట తీసుకుని లోపలికి వచ్చేశాను. వాళ్ళకు చెప్పాలంటే అలివి వల నుంచి మొదలుపెట్టాలి. అంత ఓపిక వాళ్ళకు లేదు. మీకుంటే చెబుతాను.

అది 1961. మా తమ్ముడు అరవై రెండు అంటాడు గాని అది తప్పు. అరవై రెండు మొదట్లో ఎన్నికల జీపులు ఇసుకలో కూరుకుపోతే మా పాళెం మగాళ్ళు వెళ్ళి ఎత్తారు. నేను చెప్పే ఏడు మా పాళేనికి జీపన్నదే రాలేదు. వాకాడుకు తూర్పున సముద్రపు ఒడ్డు మీద ఉండేది మా పాళెం. అందరమూ చేపల వేట మీద బతికేవాళ్ళమే. పాళెం పెద్ద మా తాత. వల దగ్గర గొడవొచ్చినా, మొగుడూ పెళ్ళాల మధ్య గొడవొచ్చినా ఆయన చెప్పిందే తీర్పు. మా చిన్నాయన ఎండుచేపలు పడవకెత్తి కాలవ మీద మద్రాసుకు పోయి అమ్మేవాడు. అట్లా పోయినవాడే ఒకసారి తోలుబంతి తెచ్చాడు. అలలు తడిపిపోయిన గట్టి ఇసుక మీద మా కుర్రాళ్ళు ఉత్త కాళ్ళతో ఆడేవాళ్ళు. నాలుగైదేళ్ళలో ఆ బంతి పిచ్చి ఊరంతటికీ అంటుకుంది. ఉప్పు పండించే కొటార్లలో పనిచేసేవాళ్ళకు కూడా ఒక జట్టుండేది. ఏటా కోతలయ్యాక బీడుపడ్డ వరి మడిలో మా జట్టుకూ వాళ్ళకూ పందెం. మూడేళ్ళు వరసగా వాళ్ళే గెలిచారు. ఆ మూడో ఏడు మా మేనత్త వాళ్ళ దగ్గర ఉప్పు కొనడం మానేసి పొరుగూరి నుంచి తెప్పించుకుంది. అది కూడా ఆ కొటార్ల ఉప్పేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అప్పుడు చిన్నాయన మద్రాసులో ఒక మిల్లు జట్టు సెంటర్ ఫార్వర్డ్‌ను చూశాడు. "గాలి, గాలి మాదిరి పోతాడబ్బా! ఒక్క ఆటలో మూడు గోలులు!" అని ఇంటింటికీ తిరిగి చెప్పాడు. అదృష్టమో దురదృష్టమో, ఆ మిల్లువాళ్ళు అదే ఏడు జట్టును రద్దుచేసి ఆటగాళ్ళను పనిలోంచి తీసేశారు. మిల్లు ఇచ్చిన ఇల్లూ పోయింది. అతని భార్యకు ఆరో నెల. ఆమెకు తల్లి లేదు, అతని వైపు ఆడదిక్కు లేదు. కాన్పు అయిందాకా ఒకచోట నిలవాలన్నదే అతని కోరిక. చిన్నాయన గుడిసె ఇప్పిస్తానన్నాడు, తిండికి లోటుండదన్నాడు. జనవరి నెలాఖరున ఇద్దరూ కాలవ పడవ దిగారు. ఆమె ఒక ట్రంకు పెట్టె మీద కూర్చుంది. అతను బూట్ల జత లేసులు ముడివేసి మెడలో వేసుకుని నిలబడ్డాడు. మేమంతా ఆ బూట్లనే చూశాం. ఆ రోజు నుంచి వాళ్ళు మెడ్రాసన్న, మెడ్రాసక్క.

అతనికి ఇచ్చేదాని గురించి కొంచెం చెప్పాలి. అలివి వల అంటే తీరం నుంచి లాగే పెద్ద వల. పడవ మీద తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రం మాదిరి వేసి వస్తారు. రెండు కొసల తాళ్ళూ పట్టుకుని ఒడ్డున రెండు వరసలుగా జనం లాగుతారు. పడిన చేపను పాళ్ళు వేస్తారు, అంటే వాటాలు. వలకు కొన్ని, పడవకు కొన్ని, తాడు పట్టిన ప్రతి మనిషికీ ఒకటి. మెడ్రాసన్నకు రోజూ ఒక పాలు ఇద్దామన్నారు. తాడు పాలు పాళెంలో పుట్టినవాళ్ళకే గనక దీనికి "బంతి పాలు" అని కొత్త పేరు పెట్టారు. పేరు పెట్టినవాడు చిన్నాయనే. అందరికీ నచ్చింది.

మొదటి ఆట పక్క పాళెంతో. గోలు లేదు. రెండోది కాలవ అవతలి ఊరితో. గోలు లేదు. ఊళ్ళతో ఆటలు ఒడ్డు పైనున్న పొడి ఇసుకలో. అందులో బూట్లు కూరుకుపోతుంటే విప్పేశాడు, విప్పితే పాదాలు కాలాయి. అతను నేర్చుకున్నది గట్టి నేల మీద ఆట. బంతి ఇసుకలో చతికిలబడితే అతను ఎప్పుడూ దాన్ని ఒక అడుగు దాటిపోయేవాడు. రెండు వారాలు జనం ఓపిక పట్టారు. తర్వాత ఎగతాళి మొదలైంది. "ఏంది సామీ, మెడ్రాసులో గోలు కర్రలు తాటిమానంత ఎడంగా ఉంటాయా?" అని ఒకడు. "బంతిని తన్నమంటే దణ్ణం పెడతుండాడు రోయ్" అని ఇంకొకడు. అందరికన్నా పెద్ద గొంతు మా మేనత్తది. నెత్తళ్ళ చేపలు ఆరబోస్తూ ప్రతిరోజూ అదే పాట: "మాకన్నా ముందు పాలు ఎత్తుకుపోతాడే, మరి బంతిని లోపలికి తోసేదానికి ఎవురు రావాలంట? వాళ్ళ మేనమామా?" మెడ్రాసక్క ఆ పక్కనుంచే నీళ్ళకు పోయేది. ఆమె తల వంచుకుని నవ్వేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. మా అత్తతో ఆ మాట అనేంత ధైర్యమూ నాకుండేది కాదు.

దానికి తోడు ఫిబ్రవరిలో వేట పడిపోయింది. పొద్దంతా లాగితే వలలో జెల్లీచేపలూ నాచూ. పాళ్ళు చిన్నవయ్యే కొద్దీ అందరి కళ్ళూ బంతి పాలు మీద పడ్డాయి. ఒక మధ్యాహ్నం వలల సావిడిలో పంచాయతీ పెట్టారు. "గోలు కొట్టకపోతే మానె, తాడు కూడా ముట్టని మనిషికి పాలేంది పెద్దయ్యా?" అని అడిగారు. తాత చాలాసేపు ఆలోచించాడు. ఆయన తొందరపడి తీర్పు చెప్పే మనిషి కాదు. చివరికి, "పాలు తినే మనిషి తాడు పట్టాల. నా కొడుకులు పట్టటంలా? ఆయన్నీ పట్టమను. సాయంత్రం బంతి ఎట్టాగూ ఉంది" అన్నాడు. సావిడి అంతా తలలూపింది. ఎంత ధర్మంగా చెప్పాడని ఇళ్ళకు పోతూ ఆడవాళ్ళు కూడా మెచ్చుకున్నారు. చిన్నాయన ఒక్కడే ఏదో అనబోయి ఆగాడు. అతన్ని తెచ్చింది తానే గనక నోరు లేవలేదు. మెడ్రాసన్న, "సరే పెద్దయ్యా" అన్నాడు.

అలివి తాడు లాగడం చూసినవాళ్ళకు అది చేతుల పని అనిపిస్తుంది. కాదు. మడమలు ఇసుకలో దిగ్గొట్టి, వెనక్కు వాలి, తొడలతో లాగాలి. మావాళ్ళు పదేళ్ళ వయసు నుంచే లాగుతారు గనక వాళ్ళ కాళ్ళు దానికి తగ్గట్టే పెరిగి ఉంటాయి. వారం తిరక్కముందే మెడ్రాసన్న తొడలు రాయి మాదిరి బిగుసుకుపోయాయి. నేను వాళ్ళింటికి మజ్జిగ ఇవ్వడానికి పోయినప్పుడు మెడ్రాసక్క ఆముదపాకు వెచ్చచేసి అతని మోకాలి పైన అద్దుతోంది. తాకిన చోటల్లా అతను పళ్ళు బిగించాడు. నన్ను చూసి పంచె కిందికి లాక్కుని, "ఏం పాపా, లెక్కలు బాగా చేస్తావంట కదా" అని మాట మార్చాడు. మా అమ్మకు చెప్పాను. అమ్మ చిన్నాయనకు చెప్పింది. చిన్నాయన పోయి, "అన్నా, పందెం అయిందాకా తాడు మానుకో, నేను నాయన్ని అడుగుతా" అన్నాడట. అతను ఒప్పుకోలేదు. "ఇప్పుడిప్పుడే నాతో నవ్వుతూ మాట్లాడతా ఉండారు. వద్దులే తమ్ముడూ" అన్నాడట. అది నిజమే. తాడు పట్టిన నాటి నుంచి మగాళ్ళు అతన్ని తమతోబాటు కూర్చోబెట్టుకుని సద్ది పెట్టేవాళ్ళు. సాయంత్రం అయ్యేసరికి అదే మగాళ్ళు, ఇంత పెట్టినా గోలు కొట్టడేమిరా అని మండిపడేవాళ్ళు.

మార్చిలో పందెం రోజు వచ్చింది. ఆట మూడో జాముకు. తెల్లవారి మా పాళెం వాళ్ళు అలవాటుగా వల వేశారు. నెలన్నర ఎండిపోయిన సముద్రం ఆ రోజే తిరగబడింది. వల నిండా కవళ్ళ చేపలు. తాడు కదలలేదు. చేప వలలో ఉండగా తాడు వదలడం మాలో లేదు, పెళ్ళికొడుకైనా సరే. గోల్‌కీపరూ చిన్నాయనా మెడ్రాసన్నా, జట్టు మొత్తం ఆ తాళ్ళ మీదే ఉన్నారు. వల ఒడ్డున పడేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. ఇసుక మీద అంత వెండిని నేను మళ్ళీ చూడలేదు. ఆడవాళ్ళు ఏడ్చినంత పని చేశారు. మా అత్త, "ఇయ్యాళ మనదేరా! చేపా మనదే, పందెమూ మనదే!" అని కేకలు పెట్టింది. ఒళ్ళు కూడా కడుక్కోకుండా, పొలుసులు అంటిన చేతులతోనే జట్టు బండ్లెక్కింది.

ఆట గురించి ఎక్కువ చెప్పను. వరి మోళ్ళు పాదాలకు గుచ్చుకునే నేల. ఉప్పు కొటార్ల వాళ్ళు ఆ రోజు సెలవు పెట్టుకుని, పడుకుని లేచి వచ్చారు. మావాళ్ళు మొదటి సగంలోనే రొప్పుతున్నారు. అయినా వాళ్ళకు ఒక్క గోలే దక్కింది. చివరికి ఒక్కసారి చిన్నాయన తన్నిన బంతి మెడ్రాసన్న ముందు వచ్చి పడింది. ఎదురుగా గోల్‌కీపర్ జారి పడి ఉన్నాడు. ఖాళీ గోలు. అతను కాలు ఎత్తాడు. ఎత్తిన కాలు కాదు, నేల మీదున్న కాలు మడతపడింది. అతను పక్కకు ఒరిగాడు. బంతి దొర్లుకుంటూ పోయి, లేస్తున్న గోల్‌కీపర్ చేతిలోకి చేరింది. ఆ తర్వాత మట్టిగడ్డలు లేచాయి, అవతలి వైపు నుంచి కాదు, మా వైపు నుంచి. మా అత్త తలమీది చుట్టకుదురు తీసి విసిరింది. అది అతని వీపుకు తగిలి కింద పడింది. అతను దాన్ని తీసి, దులిపి, గట్టు మీద పెట్టాడు.

మరుసటి మధ్యాహ్నం మళ్ళీ పంచాయతీ. బంతి పాలు రద్దు. అందులో ఎవరికీ అభ్యంతరం లేదు, అతనికి కూడా. అప్పుడతను లేచి నిలబడ్డాడు. కుడికాలు మీద బరువు మోపకుండా సావిడి గుంజ పట్టుకున్నాడు. "పెద్దయ్యా, బంతి పాలు వద్దు. తాడు పట్టినానుగా, తాడు పాలే ఇప్పించండి. కాన్పు అయిందాకా. తర్వాత పోతాం" అన్నాడు. ఆ మాటకు చాలామంది తలలు దించుకున్నారు. ఆ తాడు మీద అతని పక్కన లాగినవాళ్ళు వాళ్ళు. తాత ముఖం నేను చూస్తూనే ఉన్నాను, సావిడి బయట తడిక పక్కన నిలబడి. ఆయనకూ కష్టంగానే ఉంది. కానీ అన్నాడు: "తాడు పాలు పాళెంలో పుట్టినోళ్ళదబ్బయ్యా. మా తాతల కాడి నుంచి అంతే. ఇయ్యాళ నీకిస్తే రేపు ఎవురికి లేదనేది?" చిన్నాయన లేచి, "మరి నాయనా, లాగించుకున్నప్పుడు..." అన్నాడు. "నువ్వు కూర్చోరా" అన్నాడు తాత. చిన్నాయన కూర్చున్నాడు. మెడ్రాసన్న, "సరే పెద్దయ్యా" అని మొదటిసారి అన్నట్టే అని, కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

మూడో నాడు ఉప్పు పడవలో చోటు దొరికింది. అప్పటికి మెడ్రాసక్కకు ఎనిమిదో నెల. కాలవ గట్టుకు మా అమ్మా నేనూ పోయాం. మగాళ్ళెవరూ రాలేదు. అందరూ వల దగ్గరే ఉన్నారు. పడవ తాడు విప్పుతుండగా మా మేనత్త చంకలో బట్టల మూట పెట్టుకుని వచ్చింది. ఎవరి ముఖమూ చూడకుండా పడవలోకి దిగి మెడ్రాసక్క పక్కన కూర్చుంది. "ఏంది వదినా?" అంది అమ్మ. "ఆడతోడు లేని మనిషి. నీళ్ళ మీద నొప్పులొస్తే ఎవురు చూస్తారు, ఈ పడవాళ్ళా?" అని కసిరింది. మెడ్రాసన్న పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆయన బూట్లు ఈసారి ట్రంకు పెట్టెలో ఉన్నాయో ఏమో, మెడలో లేవు. అత్త మే నెలాఖరున తిరిగొచ్చింది. "ఆడబిడ్డ. ఇద్దరూ బాగుండారు" అని మాత్రం చెప్పింది. ఆయన ఏం పని చేస్తున్నాడని అమ్మ అడిగితే, "మూటలు మోస్తుండాడు" అని లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె ఏ ఆటకూ రాలేదు. చిన్నాయన మరో రెండేళ్ళు ఆడాడు గాని కొత్తవాళ్ళను తెస్తానని ఎన్నడూ అనలేదు.

మా తాత చెడ్డవాడు కాదు. ఆయన తీర్పుల్లో తప్పు పట్టినవాళ్ళను నా చిన్నతనంలో నేను చూడలేదు. పాలు తినేవాడు తాడు పట్టాలన్నది న్యాయం. తాడు పాలు పాళెం వాళ్ళదన్నదీ న్యాయమే. దేనికదిగా చూస్తే రెండింటిలోనూ నాకు ఇప్పటికీ వంక కనబడదు. రెంటినీ ఒక మనిషి కాళ్ళ మీద పెట్టి చూడడానికి మాత్రం ఆ మధ్యాహ్నం ఎవరికీ తీరిక లేకపోయింది, నాకేమో ఇన్నేళ్ళు పట్టింది.