రంజాన్ బొజ్జ

గర్భంలోని చీకటిని పట్టపగటిలా చూసేవాడు అల్లాహ్. సకల స్తుతులూ ఆయనకే. మాట వచ్చిన మనకూ, నోరులేని జీవాలకూ మేత పుట్టించేవాడు ఆయనే. మనకు తెలిసింది ఆయన తెలియజెప్పినంత మాత్రమే. తెలియనిదాంట్లో కూడా ఆయన మేలు దాచి ఉంచుతాడని మదరసాలో నేర్చుకున్నాను. దాన్ని కళ్లారా చూసింది మాత్రం మా జట్కా గుర్రం దగ్గర.

మాది నంద్యాల. నాయన పోయినాక ఆయన జట్కా, ఆయన గుర్రం నాకు వచ్చాయి. ఎర్రటి ఆడగుర్రం, నుదుట తెల్లమచ్చ. అప్పటికే వయసు మళ్లింది. బస్సులు వచ్చి దూరపు బాడుగలు పోయినా, స్టేషన్ నుంచి ఊళ్లోకి మనుషుల్నీ మూటల్నీ తోలుకుంటూ బతికేవాళ్లం. అది కదిలితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది.

గుర్రంతోపాటు నాయన నాకొక కట్టుబాటు కూడా ఇచ్చిపోయాడు. రంజాన్ నెలలో మధ్యాహ్నపు జొహర్ నమాజు నుంచి సాయంత్రపు అసర్ నమాజు అయ్యేదాకా బండి కట్టకూడదు. "మనం అన్నం మానుకుంటాం. దాని చేత అన్నం మాన్పించే హక్కు మనకు లేదు. అందుకని అది బరువు మానుకోవాల" అనేవాడు. సాయంత్రం నానబెట్టిన ఉలవలు దాని ముందు పెట్టినాకే తాను ఖర్జూరం నోట్లో వేసుకునేవాడు. సగం పని, నిండు మేత. పండుగ నాటికి గుర్రం కడుపు గుండ్రంగా తేలేది. స్టాండులో అందరూ దాన్ని రంజాన్ బొజ్జ అనేవాళ్లు. పండుగ వెళ్లి మళ్లీ మూటలు లాగడం మొదలైతే ఆ బొజ్జ కరిగిపోయేది. ప్రతి ఏడూ ఇదే వరస.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడు రంజాన్ మండుటెండల్లో వచ్చింది. ఎప్పటిలాగే బొజ్జ వచ్చింది. ఎండలు పోయాయి, వానలు పడ్డాయి, కుందూ ఏటిలో ఎర్రనీళ్లు పారాయి. బొజ్జ మాత్రం పోలేదు. ఇంకొకరి ఇంట్లో అయితే ఎప్పుడో అనుమానం వచ్చేది. మా ఇంట్లో దానికొక పేరు ఉంది కదా. ఆ పేరే మా కళ్లకు అడ్డం పడింది.

మొదట కనిపెట్టింది మా ఇంటామె. కడుపు కింద బిగించే తోలుపట్టీని మేము తంగు అంటాం. ఒకరోజు పొద్దున దాన్ని బిగించబోతే గుర్రం మెడ తిప్పి నా భుజం కొరకబోయింది. ఎన్నడూ అట్లా చేసింది కాదు. ఆమె చాటలో ఉలవలు చెరుగుతూ చూసింది.

"ఇది తిండితో వచ్చిన కడుపు కాదు" అంది.

"మరి దేనితో వచ్చింది?"

"నన్నడుగుతారే? నిరుడు దాన్ని ఆళ్లగడ్డ పెండ్లికి తోలుకపోయింది మీరు."

నా చేతిలోని తంగు చేతిలోనే ఉండిపోయింది. నిరుడు కార్తీకంలో ఆళ్లగడ్డలో ఒక పెద్దరైతు కొడుక్కు పెండ్లి అయింది. పెండ్లికొడుకు మెరవణికి మా గుర్రాన్ని బాడుగకు తీసుకున్నారు. ఆ రైతు దొడ్లో మగగుర్రం ఉండేది గానీ, పొగరుబోతు, టపాకాయలకు బెదురుతుందని దాన్ని వాడలేదు. మా గుర్రం రెండు రాత్రులు ఆ దొడ్లోనే ఉంది. నేను మసీదు వసారాలో పడుకున్నాను.

పశువుల ఆస్పత్రికి తోలుకుపోయాను. డాక్టరు చెయ్యి వేయబోతే గుర్రం వెనక కాళ్లు విసిరింది, ఇద్దరు పట్టుకున్నా నిలవలేదు. "ఈ వయసులో చూలంటే నమ్మలేను, కాదనీ చెప్పలేను. కొన్నాళ్లు చూడు" అన్నాడు ఆయన.

ఎట్లా చూసేది? నిజంగా చూడిదైతే, మూటలు లాగిస్తే లోపలి ప్రాణం జారిపోతుంది, ఈ వయసులో తల్లీ దక్కదు. చూడిది కాకపోతే, ఊరికే నిలబెట్టి మేపితే మేము పస్తు. రెండు దిక్కులా ప్రాణాలే.

ఆళ్లగడ్డ బస్సెక్కాను. రైతు కళ్లంలో జొన్నచొప్ప వామి వేయిస్తూ ఉన్నాడు. నన్ను చూసి గట్టు మీద చోటు చూపించాడు.

"ఏం సాయిబూ, ఇట్లా వస్తివి?"

"ఒక మాట అడగాలని వస్తిని అన్నా. ఆ పెండ్లిలో మీ గుర్రం యాడ కట్టేసింటిరి?"

"దొడ్లోనే. ఏందీ కత?"

చెప్పాను. ఆయన తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకుని చాలాసేపు నవ్వాడు.

"మెరవణేమో మావోనిది, శోభనం మీ గుర్రానిదా అప్పా."

నాకూ నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. "నవ్వులాటకు రాలేదన్నా. ఆరోజు ఏమన్నా జరిగిందా?"

ఆయన మొగం మారింది. "తెల్లారి చూస్తే మావాడు పగ్గం తెంచుకోని ఉన్యాడు. అది నిజం. మీది దాని పక్కనే ఉండె, అదీ నిజం. నడుమ ఏం జరిగిందో చూసినోళ్లు లేరు. పెండ్లికొడుకు ఎక్కాల్సిన గుర్రం, అపశకునమంటారని మా అమ్మ ఎవరికీ చెప్పొద్దనె." తలపాగా మళ్లీ చుట్టుకుంటూ అన్నాడు: "పిల్ల పుడితే మావోడి పోలికలు చూసి చెప్తాలే. బాగా చూసుకో."

తెలుసుకుందామని పోయినవాణ్ణి, సగం తెలుసుకుని తిరిగొచ్చాను.

మా వీధి మసీదు పేష్ ఇమాం నాకు చదువు చెప్పినవాడే. అసర్ నమాజు అయినాక అందరూ వెళ్లేదాకా ఉండి ఆయన దగ్గర కూర్చున్నాను.

"గర్భంలో ఏముందో తెలిసేది అల్లాహ్‌కే అని మీరే చెప్పినారు కదా. నాకు తెలియనప్పుడు నేనేం చేయాల? బండి కట్టాల్నా, వద్దా?"

ఆయన తస్బీహ్ పూసలు తిప్పడం ఆపలేదు. "లోపల ఏముందో తెలియడం ఆయన పని. పైన బరువు పెట్టడమా, దించడమా, అది నీ పని. ఆయన పని నీకెందుకు?"

"అది చూడిది కాకపోతే?"

"కాకపోతే ముసలిది. తెలిసినాకే దయ చూపిస్తానంటే అది దయ కాదు నాయనా, బేరం."

మరుసటి రోజు నుంచి జట్కాకు గుర్రాన్ని కట్టలేదు. నూనెమిల్లులో వేరుశనగ బుడ్డల మూటలు మోయడానికి కుదిరాను. మా ఇంటామె వీధిలోవాళ్లకు బొంతలు కుట్టింది. పొద్దున నేను మిల్లుకు పోయే దారి జట్కా స్టాండు ముందునుంచే. నా పక్కనే ఏండ్ల తరబడి బండి నిలిపినవాడొకడు ఊరుకునేవాడు కాదు.

"ఏమప్పా, గుర్రం ఇంట్లో పండుకోనుంటే నువ్వు మోస్తాండావ్. ఎవరు ఎవరికి జట్కా?"

"నువ్వు తోలు. నేను మోస్తా."

"అది నిన్ను మోసం చేస్తాండాది. నేనూ రేపట్నుంచి కడుపు ఉబ్బించుకోని పండుకుంటా, మా ఆడది నన్ను కూర్చోబెట్టి మేపుతుందేమో చూడాల."

అందరూ నవ్వేవాళ్లు. వాళ్ల మీద నాకు కోపం రాలేదు. నాకే లోలోపల ఒక్కోరోజు అదే మాట తోచేది. మూటలతో వీపు పుండైన సాయంత్రాల్లో కొట్టంలోకి పోయి, గుర్రం పక్కన నిలబడి కడుపు మీద చెవి పెట్టేవాణ్ణి. ఏదో కదిలినట్టుండేది. అది లోపలి ప్రాణమో, పేగుల చప్పుడో, నా ఆశో తెలిసేది కాదు. అక్కడే నిలబడి దువా చేసేవాణ్ణి. పిల్లను ఇమ్మని అడగడానికి నోరు రాలేదు. ఏది ఉన్నా దాన్ని సుఖంగా ఉంచమని అడిగాను.

కార్తీకం మళ్లీ వచ్చింది. గుర్రం మోసే పదకొండు నెలలూ నిండిపోయాయి, దాటిపోయాయి. గుర్రం ఈనలేదు. వెన్ను మీద ఎముకలు తేలాయి, కడుపు మాత్రం అట్లే వేలాడింది. మేత ముట్టడం తగ్గించింది. ఈసారి డాక్టరే ఇంటికి వచ్చాడు. ఇప్పుడు దానికి తన్నే ఓపిక లేదు. చెయ్యి పెట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు. చూలు లేదు. లోపల గడ్డ పెరిగి కడుపులో నీరు చేరింది, ఈ వయసులో మందు లేదన్నాడు. మా ఇంటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

ఆ వారంలోనే ఆళ్లగడ్డ రైతు పత్తి అమ్మడానికి నంద్యాలకు వచ్చి, మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన చేతిలో కొత్తగా పేనిన చిన్న పగ్గం ఉంది. పిల్ల మెడకు సరిపోయేంతది. కొట్టంలోకి వచ్చి గుర్రాన్ని చూశాడు. పగ్గాన్ని మెల్లగా తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. గుర్రం ముందు కూర్చుని, గుప్పెడు ఉలవలు అరచేతిలో పెట్టి చాలాసేపు దాని నోటి దగ్గర పట్టుకున్నాడు. కొన్ని తినింది.

"మావాడి మింద తప్పు వేస్తిమే" అన్నాడు పోయేటప్పుడు. నవ్వలేదు.

ఒక శుక్రవారం నేను జుమ్మా నమాజుకు పోయి వచ్చేసరికి గుర్రం నీడలో, మెత్తటి చొప్ప మీద పక్కకు ఒరిగి ఉంది. ప్రాణం పోయింది. కబురు తెలిసి పేష్ ఇమాం జుమ్మాకు వేసుకున్న ఉతికిన బట్టల్లోనే వచ్చాడు. మసీదు జమాతు వాళ్లు వచ్చారు. స్టాండులో నన్ను ఎగతాళి చేసినవాడు ఎవరూ పిలవకుండానే ఒక ఎద్దులబండి తోలుకొచ్చాడు. కుందూ గట్టున నల్లరేగడిలో గుంట తవ్వాం. మన్ను కప్పినాక అతను చేతులు దులుపుకుంటూ అన్నాడు:

"బండి లాగుతా లాగుతా పడిపోవాల్సింది. ఇంట్లో పండుకోని పోయింది. దాని నసీబు."

ఆ మాట నాతో ఇంటిదాకా వచ్చింది. ఆ గడ్డ ఎండాకాలం నుంచే లోపల ఉండి ఉంటుంది. రోగమని తెలిసి ఉంటే, జట్కావాళ్లందరం చేసే పనే నేనూ చేసేవాణ్ణేమో, నడిచినన్నాళ్లు నడిపించేవాణ్ణేమో. లేని పిల్ల కోసం బరువు దించాను. చూలేమోనన్న ఆ అనుమానం నా తెలివితక్కువతనమని అన్నాళ్లూ అనుకున్నాను. అది ఆ ముసలి ప్రాణానికి దాని ప్రభువు పంపిన విశ్రాంతి.

తర్వాత నేను జట్కా తోలలేదు. మిల్లులోనే ఉండిపోయాను.

ఇది చదువుతున్న మీరు ఏ పేరుతో పిలిచినా వినేవాడు ఆయనే. నాతోపాటు ఒక్క క్షణం చేతులెత్తండి. ప్రభూ, మా చేతికింద ఉన్న ప్రాణాల లోపల ఏముందో మాకు కనపడదు. కనపడకముందే వాటి బరువు దించే మనసు మాకు ఇవ్వు. ఆ కట్టుబాటు నేర్పిన మా నాయనను నీ నీడలో ఉంచు. ఆమీన్ అనండి.