అరవై పెట్టెలు, యాపరెమ్మలు

నాకు కుదురు తక్కువ. చిన్నప్పటి సంది గంతే. పొయ్యి మీద పాలు పెడితే పొంగేదాంక ఆగలేను, పది సార్లు మూత తీసి చూస్త. గసుంటి నన్ను, సామాను ఓడ ఎక్కించి నెలా పది రోజులు ఊకె కూసోమంటే ఎట్లుంటది? పానం పోయినంత పనైంది.

సూరత్‌ల మాది నవాగామ్‌ల రెండర్రల ఇల్లు. మా ఆయన సచిన్ అనే ఏరియాల బట్టలకు రంగులేసే మిల్లుకు పోతడు. నేను ఇంట్లనే పల్లిపొడి, కందిపొడి, కరివేపాకు కారం చేసి ప్యాకెట్లు కట్టి అమ్ముత. నాతోని మా గల్లీ అక్క పని చేస్తుండె. సొంత అక్క కాదు, మా దిక్కు మనిషి, నాకన్న పదేండ్లు పెద్ద. అంతకుముందు ఇంటికాడ కూసోని చీరల దారాలు కత్తిరించేది. మెడ పట్టేసి, కండ్లు మసకలైతుంటే "ఇగ నాతోని కాదు చెల్లె, నీ పొడులే దంచుత" అనుకుంట నా దగ్గరికొచ్చింది.

ఆస్ట్రేలియాల కిరాణా దుకాణం నడిపే తెలుగామె ఒకామె మా పొడులు రుచి చూసి అరవై పెట్టెలు పంపమన్నది. మంచిగ చేరితే మూడు నెలలకొకసారి తీసుకుంటనన్నది. అంటే మా ఇద్దరికీ ఏడాది పొడుగూత పని. ఆ మాట ఇన్న నాడే అక్క తన కత్తెర తీస్కపోయి పక్కింటామెకు ఇచ్చేసింది.

మూడు దినాలు కూసోని కట్టినం. అక్క ప్యాకెట్లు పేర్చి ఇస్తే, నేను పైన ఒక యాపరెమ్మ పెట్టి టేపు అతికిచ్చిన. యాపాకు ఎందుకంటే ఏం చెప్పాలె? మా ఇండ్లల్ల పప్పు డబ్బకైనా బియ్యం సంచికైనా యాపాకు లేంది మూత పడదు. పురుగు రాదు. ఎవరూ చెప్పేది లేదు, అడిగేది లేదు, చెయ్యి దానంతట అదే పోతది. గల్లీ చివరి చెట్టుకు లెక్కపెట్టి అరవై ఒక్క రెమ్మలు తెంపుకొచ్చిన. అరవై ఓడకు, ఒకటి నమూనా పెట్టెకు. నమూనా పెట్టె మన ఇంట్లనే ఉండాలె. రేపు అక్కడ ఏదన్న తకరారు వస్తే చూపెట్టనీకి పనికొస్తది, సామాను చేరిందాంక దాని టేపు ముట్టొద్దని ఏజెంటు గట్టిగ చెప్పిండు.

ఈ ఏజెంటు గుజరాతీ ఆయన, నన్ను బెన్ అంటడు, అక్కా అన్నట్టు. ఓడ కాయిదాలన్ని ఆయనే చూస్తడు. పెట్టెలు టెంపోల గోదాముకు పోయిన తెల్లారి సంతకాలకని ఆయన ఆఫీసుకు పోయిన. కాయిదం మీద రాసుకుంట రాసుకుంట అడిగిండు, "లోపట గడ్డి, కట్టె, ఆకు, ఏం లేవు గదా, బెన్?"

నేనేమో పెద్ద గొప్పగ, "నీమ్ కా పత్తా హై నా, భాయ్! పురుగే పట్టదు" అన్న.

ఆయన పెన్ను కింద పెట్టి తల పట్టుకున్నడు. "అరే బెన్!" అక్కడోళ్ళు ఆకు కనబడితే మొత్తం సరుకు తగలబెడతరంట. అదే కంటేనర్ల ఉన్న వేరేటోళ్ళ సామాను గూడ ఆపుతరంట.

"కరివేపాకు కారం పోతది గని యాపాకు పోదా?"

"పౌడర్ చలేగా, బెన్. పత్తా నహీ చలేగా." సాయంత్రం నాలుగింటికి కంటేనర్ తలుపు మూస్తరు, గంతల్నే రెమ్మలన్ని తీసెయ్యమన్నడు.

అక్కను ఆటోల ఎక్కించుకొని ఉరికిన. రేకుల గోదాము, పైన ఎండ, లోపట నిప్పులు. ముప్పై పెట్టెలు నేను, ముప్పై పెట్టెలు అక్క. టేపు కోసుడు, రెమ్మ తీసుడు, మల్ల టేపేసుడు. చెమట కండ్లల్ల పడి మండుతున్నది. ఆఖరికి లెక్కపెడితే యాభై తొమ్మిది రెమ్మలే ఉన్నయి.

"నా దాంట్ల ఒక పెట్టెల లేకుండె చెల్లె" అన్నది అక్క. "ప్యాకెట్లన్ని బయటికి తీసి చూసిన. లేదు."

నేను అప్పుడు ఆ చివర టేపేస్తున్న, చూడలేదు. గోదాము ఆయన "జల్దీ కరో, జల్దీ" అని ఒర్రుతున్నడు. పెట్టెలు లోపటికి పోయినయి. తలుపు పడ్డది, సీలు పడ్డది.

"నిజంగ చూసినవా అక్కా?"

"చూసిన."

"ఒట్టు?"

అక్క నా మొకం దిక్కు చూసింది. "ఒట్టెందుకే? చూసిన్నంటున్న గదా."

ఓడ కదిలింది, నా నిద్ర పోయింది. ఫోన్ల ఓడ ఏడున్నదో చూపెట్టే బొమ్మ ఉంటది, నీలం మీద చిన్న చుక్క. పల్లీలు వేంచుకుంట చూస్త, అన్నం తినుకుంట చూస్త. కాలుగాలిన పిల్లి లెక్క ఇంట్లకెల్లి వాకిట్లకు, వాకిట్లకెల్లి ఇంట్లకు తిరిగి తిరిగి, ఆఖరికి మూలకున్న నమూనా పెట్టె మీద కూలబడి మల్ల ఫోను తీస్త. "నువ్వు గిట్ల నూకితే ఓడ జల్ది పోతదా ఏంది?" అని మా ఆయన నవ్వేది. నాకు మండేది. ఆ ఒక్క రెమ్మ ఎక్కడో ఒక పెట్టె అడుగున, ప్యాకెట్ల సందుల ఉన్నట్టే నాకు కనబడేది.

సింగపూర్ కాడ ఓడ ఆగింది. ఒక దినం, రెండు దినాలు, ఐదు దినాలు. చుక్క కదలదు. ఆ ఐదో నాడు అక్కను మల్ల అడిగిన, ఎన్నోసారో నాకే తెల్వది. "సరిగ్గ చూసినవా?"

"ఎన్ని మాట్ల చెప్పాలె నీకు?"

అప్పుడు నా పాడు నోరు ఊకోలే. "కండ్లు మసకలని తెలిసి నీకు అప్పజెప్పిన, నాదే బుద్ధి తక్కువ" అన్న.

అక్క చేతికున్న కారం దులుపుకొని, నల్ల కింద చేతులు కడుక్కొని పోయింది. తెల్లారి రాలే. మూడో నాడు వాళ్ళ గడప కాడ చీరల మూట కనబడ్డది. కత్తెర కొత్తది కొనుక్కున్నదంట. పోయి పిలుద్దామనుకున్న. ఓడ చేరనీ, ఎవరిది తప్పో తేలనీ అని ఆగిన. గిదీ నా తెలివి.

నెలా పది రోజులకు దుకాణమామె మెసేజ్ పెట్టింది. సామాను అంత మంచిగ వచ్చింది, చెకింగుల ఏం అడ్డం పడలే, ఇంకో అరవై పెట్టెలు కట్టమన్నది. నేను ఎగిరి గంతేసిన. మా ఆయనకు ఫోన్ చేసిన. ఇగ భయం లేదు గదా, ఇన్ని దినాలకు పొడి వాసనెట్లున్నదో చూద్దామని నమూనా పెట్టె టేపు కోసిన.

పైననే ఉన్నయి. రెండు యాపరెమ్మలు, ఒకదానికొకటి అతుక్కొని, ఎండి.

రెండూ నేను పెట్టినయే, ఓడ పెట్టెకు పోవాల్సింది గూడ ఇండ్లనే పడ్డది. సంకల పిల్లను పెట్టుకొని ఊరంత దేవులాడినట్టు, నెలా పది రోజులు దాని మీదనే కూసోని ఓడను చూసిన. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతోని వచ్చింది.

ఆ రెమ్మలు పట్టుకొని అక్క ఇంటికి పోయిన. చీర ఒళ్ళె పెట్టుకొని, కండ్లకు దగ్గర పట్టుకొని దారాలు కత్తిరిస్తున్నది. రెమ్మలు ఆమె ముంగట పెట్టిన. "నమూనా పెట్టెల ఉన్నయక్కా. రెండు పెట్టిన. తప్పు నాదే."

అక్క వాటి దిక్కు చూడలే. "ఓడ చేరిందా?" అన్నది.

"చేరింది."

"అన్ని పెట్టెలా?"

"అన్ని."

"మంచిగైంది. దాని కోసం ఆరు శనివారాలు ఒక్కపొద్దు ఉన్న." మల్ల చీర మీదికి వంగింది.

"రేపటి సంది రా అక్కా. ఇంకో అరవై పెట్టెలడిగింది."

కత్తెర ఆగింది. "నేను చూసిన్నంటే నమ్మకపోతివి. ఎండిన ఆకు చెప్తె నమ్మినవా, చెల్లె?"

  గూట్ల ఒక పాత కత్తెర ఉండె, పక్కింటామె తిరిగి ఇచ్చినట్టున్నది. అది తీస్కొని ఆమె పక్కన కూసున్న. మూటల కెల్లి ఒక చీర గుంజుకొని దారాలు కత్తిరిచ్చుడు షురూ చేసిన. అక్క రమ్మన్లే, పొమ్మన్లే. కొంచెం సేపైనంక, నేను కోసేది తప్పైతుందని, నా చెయ్యి పట్టి దారం ఎక్కడ కోయాల్నో చూపెట్టింది.