చెన్నకేశవరావు గారి కొత్త కాసు

జగ్గయ్యపేటలో పచారీ కొట్టు చెన్నకేశవరావు గారు కొత్తగా విడుదలైన బంగారు కాసును అంచులతోనే పట్టుకుంటారు, ముఖం మీద వేలు పడనివ్వరు. కిటికీ వెలుగులో తిప్పుతూ అచ్చు తేటగా పడిందో లేదో, మెరుపు చెదిరిందో లేదో చూశాకే పెట్టెలో చేరుస్తారు. మొన్న బొంబాయి నుంచి తెప్పించిన కాసులో ఆయనకు ఒక్క వంకా దొరకలేదు. దానితో తన కాసును పోల్చుకోవడానికి నందిగామ నుంచి సుబ్బరాయుడు గారు వచ్చే రోజునే, భార్య వాసవాంబ గారు దాన్ని పూజలో పెట్టాలని తీసి, ఎవరెవరు ముట్టుకున్నారోనని చింతపండూ ముగ్గూ వేసి తోమేశారు.

"ఇన్ని గీతలేంటి బావగారూ? మీ కన్ను మందగించిందా?" అన్నారు సుబ్బరాయుడు గారు నవ్వుతూ.

కాఫీ తెస్తున్న వాసవాంబ గారు గుమ్మంలోనే ఆగిపోయారు. చెన్నకేశవరావు గారు ఒకసారి అటు చూశారు.

"కొనేటప్పుడు సరిగా చూసుకోలేదండీ. ఈసారికి మీదే మేలు," అంటూ లేచి వెళ్లి ఆవిడ చేతిలోని గ్లాసు అందుకున్నారు.