నిండు చేతుల గౌను

బూర్గంపాడు బస్టాండు వెనక సందులో మరియ కుట్టుమిషను ఉంది. స్కూలు యూనిఫాంలు, క్రిస్మస్ గౌన్లు, పెళ్లి జాకెట్లు, ఆ చుట్టుపక్కల బట్టలన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. ఆదివారం మాత్రం మిషను మీద గుడ్డ కప్పేసి చర్చిలో పిల్లలకు సండేస్కూల్ చెబుతుంది. మనిషి నెమ్మదస్తురాలే. కానీ ఎవరైనా పిల్లల మీద చెయ్యి చేసుకున్నారని తెలిసిందా, ఇక ఆమె నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

ఉండదు మరి! ఆమె పుట్టి పెరిగింది కొత్తగూడెం గని కార్మికుల క్వార్టర్లలో. తండ్రి చర్చిలో పెద్ద. ఊరందరికీ మంచివాడు. ఇంటికొస్తే మాత్రం నడుముకున్న బెల్టు చేతికి వచ్చేది. చితకబాదడం అయ్యాక పిల్లను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, నెత్తిన చెయ్యిపెట్టి, ఈ బిడ్డను మార్చమని ప్రభువును వేడుకునేవాడు. చివర్లో ఆ పిల్లే ఏడుపు దిగమింగుకుని "ఆమేన్" అనాలి. అనలేదో, బెల్టు మళ్లీ లేచేది. ఎంత దిక్కుమాలిన పద్ధతో చూడండి! కొట్టేది తను, పేరు దేవుడిది. పెళ్లయి లూకాతో ఇటు వచ్చాక కూడా చర్చిలో అందరూ ఆమేన్ అంటుంటే చాలా ఏళ్లు మరియ మాత్రం ఆ మాట అనేది కాదు.

అందుకే కూతురు బ్లెస్సీ పుట్టిన రోజునే మొగుడికి చెప్పేసింది.

"ఇగో, ఈ పిల్ల మీద నీ చెయ్యి పడొద్దు, నా చెయ్యి పడొద్దు."

"నాకు ఆటో నడుపుడు తప్ప కొట్టుడు యాడొచ్చే?" అని లూకా నవ్వాడు. చుట్టాలు ఊరుకుంటారా? గారాబం చేసి పిల్లను నెత్తికెక్కించుకుంటున్నారని సాధించారు. బ్లెస్సీ ఎవరి నెత్తికీ ఎక్కలేదు. చక్కగా చదువుకుని భద్రాచలంలో నర్సుగా డ్యూటీ ఎక్కింది. అయినా ఆ నోళ్లు మూతపడితే ఒట్టు.

మొన్న ఎండాకాలంలో సువర్ణ వచ్చింది, చంకలో మూడు నెలల జోయెల్‌తో, పక్కన ఎనిమిదేళ్ల ఆరాధనతో. సువర్ణ భర్త క్రాంతికుమార్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, చర్చికి సెక్రటరీ. వచ్చే ఆదివారం బాబును చర్చిలో దేవుడికి ప్రతిష్ఠ చేస్తారు. ఆ వేడుకకు ఆరాధనకు కొత్త గౌను కావాలి.

"చేతులు నిండుగ పెట్టక్కా. కిందికి మడమల దాక రావాలె," అంది సువర్ణ.

"గీ ఎండలల్లనా? పిల్ల ఉడికిపోదానే?"

సువర్ణ పిల్ల భుజాల చుట్టూ కప్పిన చున్నీని ఇంకాస్త దగ్గరికి లాగింది. మరియ టేపు పట్టుకుని వంగింది. భుజం ముట్టుకోగానే పిల్ల బిగుసుకుపోయింది. చున్నీ కాస్త పక్కకు జరిగితే మోచేతి పైన నల్లగా కమిలిన వాతలు కనిపించాయి. పిక్కల మీదా అవే.

"ఏంది బిడ్డా ఇది?"

"వాక్యం అప్పజెప్పలేదత్తా," అంది ఆరాధన, తప్పంతా తనదే అన్నట్టు. "డాడీ తర్వాత ప్రార్థన గూడ చేసిండు. నేను ఆమేన్ అన్న."

మరియ చేతిలో టేపు జారి కిందపడింది. ఆ వాక్యం కంఠతా పట్టమని ఇచ్చింది తనే. ప్రేమ ఓర్చుకుంటుందని, దయ చూపిస్తుందని చెప్పే వాక్యం. దాన్ని అప్పజెప్పలేదని పసిదాని ఒళ్లు హూనం చేశాడు మహానుభావుడు!

"నువ్వేం జేస్తున్నవే?" అని సువర్ణ మీద అరిచింది.

"అడ్డం బోతే నాకూ పడ్తయక్కా," అంది సువర్ణ.

ఆ సాయంత్రమే మరియ క్రాంతికుమార్ ఇంటికి పోయింది. అతను కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

"నా పిల్ల, నా ఇష్టమక్కా. బెత్తం వాడమని గ్రంథంలనే ఉంది."

"ఉన్నదాంట్ల నీకు బెత్తం ఒక్కటే కనబడ్డదా? ఇంకోసారి పిల్ల ఒంటి మీద మచ్చ కనబడితే చైల్డ్‌లైన్‌కు ఫోన్ జేస్త, చూస్కో."

"చెయ్ చెయ్. సండేస్కూల్‌కు ఇంకొకర్ని చూస్కుంటం మేము."

అక్కణ్నుంచి పాస్టరు దగ్గరికి పోయింది. అయ్యగారు చెడ్డవాడు కాదు. కాకపోతే సెక్రటరీ అంటే జంకు. "వాళ్లింటి విషయం మరియమ్మా. ప్రార్థనలో పెడదాం. పిల్లల హక్కులనేవి లోకపు మాటలు, దేవుడి మాటలు కావు," అని దాటేయబోయాడు.

"లోకపు మాటలా? ఏ చట్టం రాకముందే ప్రభువు పిల్లల్ని ఒళ్లె కూసోబెట్టుకున్నడయ్యగారూ! అడ్డం బోయిన శిష్యుల మీద కోపం జేసిండు. ఒకసారి ఆ పిల్ల చెయ్యి చూడుండ్రి, తర్వాత చెప్పుండ్రి ఏ మాట ఎవరిదో." ఆయన చూస్తానన్నాడు. చూడలేదు.

ఇక గౌను సంగతి. ఆ నిండు చేతులు కుట్టడానికి మరియకు మనసొప్పలేదు. పొట్టి చేతులే పెట్టి ఊరందరికీ చూపిద్దామా అన్నంత కసి పుట్టింది. కానీ ఆరాధన వచ్చి మెల్లగా అడిగింది, "పెద్ద చేతులే పెట్టత్తా, అందరు చూస్తరు" అని. పిల్ల మాట పిల్లది. మరియ పళ్లు బిగబట్టి మణికట్టు దాకా కుట్టిచ్చింది.

ఆదివారం చర్చి నిండిపోయింది. బయట బిర్యానీ గిన్నె పొయ్యి మీద ఉంది. అయ్యగారు జోయెల్‌ను చేతుల్లోకి తీసుకున్నాడు. తల్లిదండ్రులతో ప్రమాణం చేయించాక, ఆనవాయితీ ప్రకారం సంఘం వైపు తిరిగి అడిగాడు: "ఈ బిడ్డ ప్రేమలో పెరిగేలా మీరందరూ కాపుగా ఉంటారా? ఉంటామనేవాళ్లు లేచి నిలబడండి."

అందరూ లేచారు. చాప మీద మరియ ఒక్కతే కూర్చుని ఉంది.

"ఏం మరియమ్మా, మోకాళ్ల నొప్పులా?"

"మోకాళ్లు బాగనే ఉన్నయి అయ్యగారూ. ఎనిమిదేండ్ల కింద ఆరాధన ప్రతిష్ఠకు గిదే జాగల లేచి నిలబడ్డ. ఉంటమని అందరితోటి నేనూ అన్న. ఎవరమున్నం? పిల్ల ఒళ్లు వాతలు దేలింది, మనం బిర్యానీ తిని చేతులు కడుక్కున్నం. మళ్ల అబద్ధమాడనీకె నేను లెవ్వ."

"మధ్యలో ఈమెవరు?" అని క్రాంతికుమార్ గద్దించాడు. అప్పుడు జరిగింది అసలు సంగతి. సువర్ణ ముందుకు నడిచి అయ్యగారి చేతుల్లోంచి బాబును తీసుకుంది.

"ముందు పెద్దదాని సంగతి చూడుండ్రి అయ్యగారూ. గప్పుడిస్త వీణ్ని," అని బాబును గుండెకు అదుముకుని మరియ పక్కన చాప మీద కూర్చుంది.

అయ్యగారు తన ఖాళీ చేతులు చూసుకున్నాడు. ఆ ఎండలో మణికట్టు దాకా గౌను తొడుక్కున్న ఆరాధనను చూశాడు, ఇన్నాళ్లకు. "క్రాంతికుమార్, ఇంట్లో బెత్తముందట. పోయి పట్టుకురా," అన్నాడు. దాన్ని అందరి ముందూ విరిచిపారేద్దామని ఆయన ఉద్దేశం. పెద్దవాళ్లకు అది అర్థమైంది.

పిల్లకు ఎట్లా అర్థమవుతుంది? తండ్రి తలుపు వైపు నడవడం చూసి ఆరాధన పరుగున వచ్చి మరియ చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

"అత్తా, గిక్కడ అందరి ముందర కొడ్తడా? వద్దని చెప్పత్తా. నేను నేర్చుకున్న. వచ్చు నాకు."

మరియ నోరు తెరిచేలోపే ఆ పిల్ల చేతులు కట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, ప్రేమ ఓర్చుకుంటుందనే ఆ వాక్యాన్ని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేసింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఆపైన మోకాళ్ల మీద కూర్చుని తనే "ఆమేన్" అంది.

ఆ చర్చిలో ఇంకెవరి నోటా ఆమేన్ రాలేదు. గుమ్మం దగ్గర క్రాంతికుమార్ ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండోది వేసుకోకుండా అట్లాగే నిలబడిపోయాడు.